నేను గుడికి పోని ఆదివారాలు

మా మేనమామ ఫాదర్. జర్మనీలో ఒక చిన్న ఊరి చర్చిలో పూజలు చేస్తాడు. మొన్న సెలవు మీద వచ్చి నెక్కొండలో మా అమ్మ దగ్గర దిగాడు. ఆదివారం పొద్దున బండికి నేనూ వరంగల్ నుంచి వెళ్లాను. ఇష్టమై కాదు, తప్పక.

మా వాళ్లు గుడి అనే చర్చి మొహం చూడక నాకు అప్పటికి రెండేళ్లు దాటింది. అమ్మకు చెప్పలేదు. ప్రతి ఆదివారం పదకొండింటికి ఆమె ఫోన్ చేసేది. "పూజకు పోయినవా బిడ్డా? సువిశేషం ఏం చదివిండ్రు?" ఆ వారం బైబిల్ పాఠం ముందే నెట్‌లో వెతికి పెట్టుకుని తడుముకోకుండా అప్పజెప్పేదాన్ని. సిగ్గులేని పనే, కాదనను.

ఆ రోజు నెక్కొండ గుడిలో మామే పూజ చేశాడు. జనం వరండాలో కూడా చాపలు వేసుకుని కూర్చున్నారు. ఇంటికొచ్చి అన్నాలకు కూర్చోగానే అమ్మ గర్వంగా అడిగింది.

"అక్కడ గూడ గిట్లనే నిండుతదా తమ్మీ?"

మామ అన్నం కలపడం ఆపాడు. "పదకొండు మందే అక్కా. అందరు ముసలోళ్లే. పక్కూరి గుడిని అమ్మిండ్రు. ఇప్పుడది హోటల్."

"గుడిని అమ్ముడేంది! మనకు దేవుణ్ణి చెప్పిందే ఆ తెల్లదొరలు గదా. ఏమొచ్చింది వాళ్లకు? సర్కారేమన్న బంద్ పెట్టిందా?"

"ఎవ్వలు పెట్టలే. రోగమొస్తే దవాఖాన ఉంది, ముసలితనానికి పించన్ ఉంది, ఇంక మొక్కుడెందుకు అనుకున్నరు. మా ఫాదర్లల్ల కొందరు పిల్లల మీద పాడు పనులు చేసిండ్రు. పెద్దలు దాచిండ్రు. అది తెల్సినంక మనసులు ఇరిగినయి."

"గందుకే అందరు పోయిండ్రా?"

"లేదక్కా. చానమంది కొట్లాడి పోలే. ఒక ఆదివారం పనుండి ఆగిండ్రు. ఏం కాలే. ఇంకో ఆదివారం పండుకున్నరు. ఏం కాలే. అమ్మలకు మాత్రం పోయినమనే చెప్పిండ్రు."

ఎత్తిన ముద్ద మళ్లీ కంచంలో పెట్టేశాను. ఈయనకు ఎవరు ఉప్పందించారు? ఒళ్లు మండింది, వెంటనే భయం వేసింది. మామ మాత్రం కంచంలోకే చూస్తున్నాడు. నాకూ దేవుడితో తగాదా ఏమీ లేదు. నా ఆదివారాలు కూడా అచ్చం అలాగే జారిపోయాయి. నాన్న పోయాక అమ్మ నిలబడ్డది జపమాల పట్టుకునే. కూతురు కూడా అదే దారిలో ఉందన్న ధీమా ఒక్కటే ఆమెకు మిగిలింది. ఇప్పుడు నా వైపు తిరిగి ఒక్క మాట అడిగితే అబద్ధం చెప్పగలనా?

అమ్మ తమ్ముణ్ణే అడిగింది. "మరి ఆ అమ్మలకు ఎరుకలేదా?"

"ఎరుకనే. అడగలే."

అమ్మ నా కంచంలో కూర వేసింది. నా మొహం చూడకుండానే అన్నది.

"పూజకు పోయినోళ్లు ఎన్నడన్న సణుగుతరు తమ్మీ. ఫాదర్ గంటసేపు చెప్పిండనో, ఉక్కపోసిందనో. ఇది రెండేండ్ల సంది ఒక్కనాడు సణగలే. సువిశేషం మాత్రం పొల్లు పోకుండ చెప్తది."

"అమ్మా" అన్నాను.

"ఊకో," అన్నది అమ్మ. "నేను గూడ అడగలే. అడిగితే ఏడ నిజం చెప్తవో అని."