పేటెంటులో రాయని గ్లిజరిన్

వీధిలో అందరూ ఆయన్ని గుండెమాత్రల మావయ్య అనేవారు. ఆయన రసాయన శాస్త్రవేత్త. ఒక మందుల కంపెనీ ప్రయోగశాలలో జీవితమంతా పనిచేసి రిటైరయ్యాడు. గుండెదడను అదుపులో పెట్టే మాత్ర ఒకటి, ఆ మందులోంచి మలినాన్ని వడకట్టే సన్నని పొర ఒకటి ఆయన కనిపెట్టినవే. రెండింటి పేటెంట్లూ ఫ్రేములు కట్టించుకుని ముందుగదిలో దర్జాగా వేలాడుతుండేవి. వాటికి చోటివ్వడం కోసం పెళ్లి ఫోటో వంటింటి తలుపు వెనక్కి పోయింది. భార్య ఎత్తిపొడిస్తే, అందులో నువ్వు బాగానే ఉన్నావు గానీ నేనే బాగాలేనని తప్పించుకునేవాడు.

పేటెంటంటే ఒక బేరం. కనిపెట్టినవాడు గుట్టంతా విప్పి చెప్పాలి. బదులుగా కొన్నేళ్లపాటు మరెవరూ దాన్ని తయారు చేయకుండా ప్రభుత్వం చూస్తుంది. గడువు తీరాక ఎవరైనా చేసుకోవచ్చు. ఈ మహానుభావుడు తన వైపు బేరం పూర్తిగా తీర్చలేదు. పొరను నీళ్లలో కడిగి ఆరబెట్టాలని రాశాడు. కడిగాక, ఆరబెట్టేముందు గ్లిజరిన్‌లో నానబెట్టాలని మాత్రం రాయలేదు. నానబెట్టకుండా ఆరబెడితే పొరలోని కంటికి కనబడని రంధ్రాలు మూసుకుపోతాయి. పొర ముడుచుకుపోయి ఇక దేన్నీ వడకట్టదు. ఆ ఒక్క ముక్క రాయొద్దని పైఅధికారి చెప్పాడు. ఈ వృత్తిలో అందరూ చిటికెడు దాచుకునేవాళ్లేనని ఈయనా తలూపాడు. తలూపడానికి ఏం పోయింది? నష్టపోయేవాడి ముఖం అప్పుడు ఎదురుగా లేదు కదా.

ఇన్నాళ్లకు ఆ ముఖం ఆయన ఇంటికే వచ్చింది. అది సొంత అక్క కూతురు ముఖం. చిన్నప్పుడు సెలవులకు వస్తే గాజుగ్లాసులో ఉప్పు స్ఫటికాలు పెంచడం నేర్పి, చెయ్యి వణకదని మెచ్చుకుని, ఆమెకు నిలకడచెయ్యి అని పేరు పెట్టింది ఆయనే. ఇప్పుడామె ఒక చిన్న మందుల ఫ్యాక్టరీలో వడపోత పని చూస్తోంది. రెండు పేటెంట్ల గడువూ తీరడంతో ఆ మాత్రను చవగ్గా చేసి అమ్మాలని ఫ్యాక్టరీ వాళ్లు అనుకున్నారు. మా మావయ్య కనిపెట్టిందేనని గొప్పగా చెప్పి, ఆ పని ఆమె అడిగి మరీ తీసుకుంది.

ఆ మధ్యాహ్నం ఆమె వచ్చి, ఎండుటాకులా ముడుచుకుపోయిన పొర ముక్కను బల్ల మీద పెట్టింది.

"నువ్వు రాసినట్టే చేస్తున్నా మావయ్యా. ప్రతిసారీ ఇలాగే చస్తోంది. నా చేతుల్లోనే ఏదో తేడా వచ్చింది. ఈసారీ కాకపోతే ఈ పని నా దగ్గర్నుంచి తీసేస్తామన్నారు. తీసెయ్యడమే మంచిదేమో."

ఆయన భూతద్దం తెచ్చుకుని పొరను అటూ ఇటూ తిప్పి చూశాడు. చూడడానికి అందులో ఏమీ లేదని ఆయనకు తెలుసు. చివరికి కడిగే నీళ్లు మార్చి చూడమన్నాడు. ఆమె బుద్ధిగా తలూపింది.

ఈలోగా ఆయన భార్య కంటికి మేనకోడలి చేతులు కనబడ్డాయి. పొరలు కడిగి కడిగి వేళ్లు పగిలి, కణుపుల దగ్గర ఎర్రబడి ఉన్నాయి. ఆవిడ అద్దం దగ్గరున్న గ్లిజరిన్ సీసా తెచ్చి, పక్కన కూర్చుని ఒక్కో వేలికీ రాస్తూ, తడి చేతుల్ని ఇలా ఆరనిస్తే చర్మం ముడుచుకుపోదటే అని మందలించింది. ఎదురు కుర్చీలో ఆయన తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం మళ్లీ రాదని తెలుసు. అయినా ఆ సమయాన్ని దాటిపోనిచ్చాడు. పిల్ల కళ్లలో తను చిన్నవాడైపోతాడని భయం.

ఆమె వెళ్లాక, మీ రాత అర్థంకాక తప్పు చదివిందేమోనని భార్య ఊరికే అంది. నా రాతకేం తక్కువని ఆయన కస్సుమన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే అదే. ఆ పూట అన్నం సహించలేదు. ఫ్రేములు కనబడకుండా కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని, గాలి కోసమన్నాడు. సిగ్గుతో చెవులు మండుతున్న మనిషికి ఏ గాలి సరిపోతుంది?

రెండ్రోజులు అలా కుమిలి, మూడోనాడు పొద్దున్నే ఫ్యాక్టరీకి వెళ్లాడు. మేనేజరు ఎదురొచ్చి కుర్చీ వేయించాడు. నిలకడచెయ్యి తెల్లకోటు వేసుకుని గాజుపలక మీంచి కొత్త పొరను నీళ్లలోకి జారుస్తోంది. చెయ్యి ఇసుమంతైనా వణకలేదు. కడిగాక గ్లిజరిన్‌లో నానబెట్టి అప్పుడు ఆరబెట్టమ్మా అన్నాడాయన. సాయంత్రానికి పొర మెత్తగా, చదునుగా ఆరింది. మందు పోసి చూస్తే మలినం పొర ఇవతలే ఆగిపోయింది.

మేనేజరు మురిసిపోయాడు. "అనుభవమంటే ఇదీ. ఇన్నాళ్లూ నీకు తట్టనిది సారుకి వచ్చీరాగానే తట్టింది, చూశావామ్మా."

బయటపడే దారి దానంతట అదే తెరుచుకుంది. ఊరుకుంటే చాలు, పాత గౌరవానికి కొత్త దండ పడుతుంది. ఆయన నవ్వాడు కూడా. అంతలో మేనకోడలు తలొంచుకుని, పగిలిన చేతుల్ని కోటు జేబుల్లో దాచుకోవడం కనబడింది. ఆ నవ్వు నవ్వినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఇప్పుడు తట్టింది కాదండీ, మొదట్నుంచీ తెలుసు. పేటెంటులో రాయకుండా దాచాను. అమ్మాయి చేతుల్లో తప్పేమీ లేదు."

మేనేజరు ఎవరో పిలిచినట్టు బయటికి నడిచాడు. ఆమె చేతులు జేబుల్లోంచి తీసి, వాటిని మొదటిసారి చూస్తున్నట్టు చాలాసేపు చూసుకుంది. ఆమె అరిచి ఉంటే ఆయనకు కాస్త తేలికగా ఉండేది.

"మొన్న అత్తయ్య ఆ సీసాలోది నా చేతులకి రాస్తున్నప్పుడు, నువ్వు ఎదురుగానే కూర్చున్నావు కదా మావయ్యా."

"కూర్చున్నాను," అన్నాడాయన.