ఆగిన గంటె

ఆ రోజు పాలు అడుగంటడానికి కారణం నేను. మాట పడింది మాత్రం బడి వంటామె.

పంతొమ్మిది వందల అరవైలలో ప్రభుత్వ ప్రచార శాఖ కోసం బడుల ఫోటోలు తీసేవాణ్ణి. ఇందుకూరుపేట దగ్గర, సముద్రం ఒడ్డున ఉన్న ఒక బడిలో ఆమె పిల్లలకు పాలపొడి కలిపి పాలు కాచేది. గుండిగలో గంటె తిప్పడం ఆపేది కాదు. ఎవరు పలకరించినా చెయ్యి దాని పని అది చేస్తుంటే, తల మాత్రం పక్కకు తిప్పి నవ్వేది.

వెలుతురు కోసం నేను ఆమెను పొయ్యికి దూరంగా నిలబెట్టాను.

"పాలు అడుగంటతాయి సామీ," అంది.

"ఒక్క నిమిషం. కదలొద్దమ్మా."

కదల్లేదు. కాసేపటికి మాడు వాసన వచ్చింది. పిల్లలు ఖాళీ గ్లాసులతో తిరిగి వెళ్ళారు. హెడ్మాస్టరు గారు వచ్చి, "రేపట్నించి నువ్వు రావొద్దు," అన్నారు. ఆమె నా వైపు చూసింది. నేను తల వంచుకుని కెమెరా సర్దుకున్నాను.

"నేనే మరిచినాను అయ్యా," అంది ఆమె.

నెల్లూరులో ఫోటో కడిగి చూస్తే, నవ్వుతున్న ఆమె వెనక గుండిగ పొగలు కక్కుతూ ఉంది. మర్నాడే దాన్ని తీసుకెళ్ళి హెడ్మాస్టరు గారి ముందు పెట్టాను. "ఆమెను కదలొద్దన్నది నేనండీ," అన్నాను. ఆయన వెంటనే ఆమెను పిలిపించి, మళ్ళీ పనిలో పెట్టుకున్నారు.

పొయ్యి మీద పాలు పెట్టి, ఆమె ఫోటో చూసుకుంది. "పాలు మాడతా ఉంటే ఎంత బాగా నవ్వతా ఉండానో," అంటూ గంటె నా చేతిలో పెట్టింది. "తిప్పతా ఉండు సామీ. పిలకాయల గ్లాసులు కడుక్కోనొస్తా."

కెమెరా సంచిలోనే ఉంచి తిప్పుతూ కూర్చున్నాను. హెడ్మాస్టరు గారు పలకరిస్తే, తల మాత్రం పక్కకు తిప్పి నవ్వాను.