కృపారాణి దిద్దిన లెక్క

కృపారాణిది కోటబొమ్మాళి. తండ్రి ఏసురాజు రైల్వేలో గ్యాంగ్‌మన్‌. వాళ్లింట్లో ఇంజినీరింగ్ చదివిన మొదటి మనిషి ఆమే. విజయనగరం దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతూ అక్కడే పీహెచ్‌డీకి చేరింది.

ఆమె పని గాలి లెక్క. కారు దేన్నైనా గుద్దుకుంటే ఆ సంగతి ముందు పసిగట్టేది ఆవగింజంత సిలికాన్ సెన్సరు. అందులో ఒక పలక వేలాడుతూ ఉంటుంది. దాని కింద సందు వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు. పలక కదిలినప్పుడల్లా ఆ సందులో గాలి నలిగి, దాని ఊపును ఆపుతుంది. ఎంత ఆపుతుందో ముందే లెక్కగట్టాలి.

లెక్క ప్రకారం పలక ఆరు ఊపుల్లో ఆగిపోవాలి. పరీక్షలో పదకొండు ఊపులు ఊగింది. ఎనిమిది నెలలు వెతికినా కారణం దొరకలేదు.

"ఏదో ఒక గుణకం పెట్టి సరిపెట్టీమ్మా. ఎవులడుగుతారు?" అన్నారు గైడు జగన్నాధం.

ఆమె లెక్కలో గాలి ఆపే బలాన్ని సున్నా పాయింట్ అయిదు అయిదుతో గుణించింది. ఊపులు పదకొండుకు సరిపోయాయి. 'ప్రయోగంలో తేలిన విలువ' అని రాసింది. పేపరు అచ్చయింది.

అదే గైడు దగ్గర ఆమె తర్వాత చేరిన యమున నరసన్నపేట రైతుల అమ్మాయి. ఆ గుణకాన్నే నమ్ముకుని మూడేళ్లు రకరకాల సైజుల పలకలకు లెక్కలు కట్టి థీసిస్ రాసింది.

అప్పుడు కొత్త సెన్సరు చిప్పులు వచ్చాయి. వాటిలో సందు ఇంకా సన్నం. గుణకం పనిచేయలేదు. కృపారాణి మొదటినుంచీ తవ్వుకొచ్చింది. సెన్సరులో గాలిని చాలావరకు తోడేసి మూత వేస్తారు. మిగిలిన పలచని గాలిలో అణువులు ఒకదాన్నొకటి గుద్దుకునేదానికన్నా గోడల్ని గుద్దుకునేదే ఎక్కువ. మామూలు గాలి సూత్రం అక్కడ చెల్లదు. సందు మారితే గుణకమూ మారాలి.

థీసిస్ మీద యమున మౌఖిక పరీక్షకు, వైవాకు, మూడు వారాలుంది. కృపారాణి ముందు ఆమెకే చెప్పింది.

"గ్రాఫులన్నీ తప్పేనా అక్కా?"

"అన్నీ."

"మూడేళ్లు సేసినాను. ఇప్పుడు సెప్తన్నావేటి?"

"నాకూ మొన్నే తెలిసింది. అప్పుడు కారణం తెలీకుండానే రాసీసినాను. తప్పు నాది."

"ఈ మూడు వారాలూ ఊరుకో. తరవాత నీ ఇష్టం."

కృపారాణి నాలుగు రోజులు ఊరుకుంది. అయిదో రోజు తప్పు ఒప్పుకుంటూ పేపరు అచ్చేసిన పత్రికకు ఉత్తరం రాసింది. గైడు మాట మాత్రం అందులో ఎత్తలేదు.

పత్రికవాళ్లు పేపరును వెనక్కి తీసుకున్నారు. యమున థీసిస్ ఆగింది. జగన్నాధం కృపారాణిని గదిలోకి రానివ్వలేదు. జూన్‌లో కాలేజీవాళ్లు ఆమెను ఉద్యోగంలో కొనసాగించలేదు. దిద్దిన లెక్కను ఆమె ఒక్కతే మళ్లీ రాసి పంపితే, ఏడాదికి ఒక చిన్న పత్రికలో వచ్చింది. దాన్ని ఎవరైనా వాడుకున్నారో లేదో ఆమెకు తెలియదు.

యమున చదువు మానేసి ఇంటర్ కాలేజీలో లెక్కలు చెబుతోంది. కొత్త సూత్రంతో థీసిస్ మళ్లీ కట్టొచ్చని, తాను దగ్గరుండి చేయిస్తానని కృపారాణి ఒకసారి ఫోన్ చేసింది.

"ఆ పలకల మాట నాకాడ ఎత్తకక్కా," అంది యమున. "నువ్వు సేసింది తప్పనట్లేదు. మళ్లీ ఫోన్ సెయ్యకు," అని పెట్టేసింది.

కృపారాణి ఇప్పుడు ఒక డిప్లొమా కాలేజీలో పనిచేస్తోంది. పిల్లల ల్యాబు రికార్డుల్లో అంకెలు మరీ చక్కగా కుదిరితే సంతకం పెట్టదు. ఆమె అంటే వాళ్లకు గిట్టదు.