కప్పు ఖంగుమంటేనే

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక వానాకాలంలో, నన్ను భూపాలపల్లిలోని ఒక భూగర్భ బొగ్గు గనికి ఓవర్‌మెన్‌గా బదిలీ చేశారు. షిఫ్టులో గనిలోని ఒక భాగం మొత్తం ఓవర్‌మెన్ బాధ్యత. అతని కింద సర్దార్ ఉంటాడు. బొగ్గు పేల్చాక కప్పును, అంటే తల మీది రాతిపొరను, పరీక్షించి కార్మికులను లోపలికి పంపేది సర్దారే.

ఆ పరీక్షంతా ఒక్క మాట మీద నడుస్తుంది. కర్రతో కొడితే కప్పు ఖంగుమనాలి. బచ్చన్నపేట దగ్గర మా ఊళ్లో ఆ మాట బిందెలకూ గంటలకూ వాడతారు. గనిలో ఖంగుమంటే కప్పు గట్టిదని, డొల్లగా మోగితే పొర విడిపోయిందని అర్థం. రెండో అరచేతిని కప్పుకు ఆనించి అదురు కూడా చూడాలి. పొర మందంగా ఉంటే అదురు చేతికి అందదు, చెవినే నమ్ముకోవాలి. అందుకే కొట్టేటప్పుడు అందరూ నోరు మూసుకొని నిలబడతారు.

మా సర్దార్ యాకోబు డోర్నకల్ మనిషి, పనిమంతుడు. ఒక రోజు కర్రతో కొట్టి, చెయ్యి ఆనించి, "ఖంగుమంటాంది, రాండ్రి" అని ముందు నడిచాడు. నాకు మాత్రం డొల్ల వినిపించింది. ఆగమని గట్టిగా అరిచాను. ఐదుగురు కార్మికులూ ఆగారు. యాకోబు ఆగలేదు. ఉరికి, రెక్క పట్టి వెనక్కి లాగాను.

పొడవాటి గడ్డపారతో కదిలిస్తే మంచమంత బండ ఊడిపడింది.

పక్కకు తీసుకెళ్లి నిలదీశాను.

"మిషిన్ల మోతకు చెవులు పోయినయన్నా," అన్నాడు, నా పెదవులనే చూస్తూ. "అన్‌ఫిట్ జేస్తే మీదికి పంపుతరు. ముప్పై ఏండ్లు గీ కప్పు కిందనే బతికిన. జర సప్పుడు జెయ్యకు."

"సప్పుడు జెయ్యకుంటే రేపు ఎవలింటికి పొయ్యి ఏం జెప్పాలె యాకోబూ?" అన్నాను.

కోపం, జాలి రెండూ ఒకేసారి వచ్చాయి. రాత్రంతా నిద్ర పట్టలేదు. తెల్లారి వినికిడి పరీక్షకు పంపాలని మేనేజరుకు రాసిచ్చాను. యాకోబును పైన లాంప్ రూములో వేశారు. నేను రిటైరయ్యేదాకా టోపీ లైటు చేతికిచ్చాడే కానీ నాతో మాట్లాడలేదు.

ఖంగుమందని ఎవరైనా చెబితే, ముందు ఆ విన్న చెవిని పరీక్షించాలని ఆ సంఘటన నాకు నేర్పింది. అప్పటి నుంచి ఏ సర్దార్ కప్పు గట్టిదన్నా, వెనక నిలబడి మెల్లగా పేరు పెట్టి పిలిచేవాణ్ని. అతను తిరిగి చూశాకే కార్మికులను లోపలికి వెళ్లనిచ్చేవాణ్ని.