అర్చకుల బిల్లు కోసం పెదనాన్నగారు

వారసత్వ అర్చకత్వం రద్దయ్యాక మా పెదనాన్నగారికి ఊరి శివాలయంలో పూజ చేసే హక్కు పోయింది. దాన్ని తిరిగిచ్చే బిల్లు అసెంబ్లీకి వస్తోందని తెలిసి, మద్దతు అడగడానికి ఈ రోజు కొత్తపేటలో ఎమ్మెల్యేగారిని కలిశారు. తోడుగా నేనూ వెళ్లాను.

"జీతం ఏమన్నా ఇప్పించమంటారా పంతులుగారూ?" అన్నారాయన.

"జీతం వద్దండీ. పోయేలోగా ఒక్కసారి నా చేత్తో స్వామికి అభిషేకం చేసుకోవాలండీ."

ఎమ్మెల్యేగారు "ఆయ్, సభలో నేను మాట్లాడతానండీ" అన్నారు.

వస్తూ గుడికి వెళ్లాం. లోపల కొత్త పూజారి అభిషేకం చేస్తున్నారు. పెదనాన్నగారు అందరితోపాటు గడప బయట నిలబడి నమకం చదువుతుంటే, ఆయన కుడిచెయ్యి నీళ్లు పోస్తున్నట్టు గాలిలో కదులుతూనే ఉంది.

అర్చకత్వం వారసత్వంగా రాకూడదని ఇంట్లో వాదించేది నేనే. ఈ సాయంత్రం మాత్రం కళ్ల ముందు ఆ చెయ్యే కదులుతోంది. మీరేమంటారు?