గళ్ళ కాగితం చదివే గొంతు

2006 జూన్‌లో ఏలూరులోని ఒక ప్రైవేటు మానసిక వైద్యశాలలో జూనియర్ కౌన్సెలర్‌గా చేరాను. మందులు డాక్టరు గారు రాసేవారు, మాటల పని నాది. పాప పుట్టాక ఆ ఉద్యోగం మానేశాను. చూసిన కేసుల్లో ఇప్పటికీ మనసులో మెదిలేది జరీనా గారిది. పేరు మార్చాను.

ఆమెకు నలభై దాటాయి. పుట్టిల్లూ అత్తిల్లూ తివాచీలు నేసే కుటుంబాలే. వాళ్ళింట్లో మామగారు రంగులు గుర్తుపెట్టిన గళ్ళ కాగితం పట్టుకుని, ఏ ముడి ఏ రంగో పైకి చదువుతారు. మగ్గం ముందున్నవాళ్ళు విని ఆ రంగు ఊలుతో ముడి వేస్తారు. మధ్యలో మాట్లాడకూడదు. రెండు నెలలుగా, మగ్గం ముందు కూర్చోగానే జరీనా గారి కుడిచేతి వేళ్ళు బిగుసుకుపోతున్నాయి. నరాల డాక్టరు పరీక్షలన్నీ చేసి, లోపమేమీ లేదని మా దగ్గరికి పంపారు.

వెంట వచ్చిన అత్తగారు నా ముందే అనేశారు. “అన్నం కలుపుకోడానికి బానే వస్తాయండీ ఆ వేళ్ళు. మగ్గం చూస్తేనే వాటికి సిగ్గు.”

జరీనా గారి భయం వేరు. తన చెయ్యి రాకపోతే, పదో తరగతి చదువుతున్న కూతుర్ని బడి మాన్పించి ఆ చోట కూర్చోబెడతారు.

డాక్టరు గారు యాక్టివ్ ఇమాజినేషన్ చేయించమన్నారు. మనిషి మెలకువగానే కళ్ళు మూసుకుని, లోపల నుంచి ఏ దృశ్యం వస్తే దాన్ని రానివ్వాలి. దాన్ని ప్రశ్న అడగాలి, అది ఇచ్చే జవాబు వినాలి. నేరుగా బయటపడలేనిదాన్ని అచేతన మనసు ఇలా చెబుతుందని ఈ పద్ధతి నమ్మకం. కౌన్సెలర్ చేయాల్సింది విన్నది విన్నట్టు రాసుకోవడమే.

మొదటి మూడు వారాలు అద్భుతంగా సాగాయనుకున్నాను. “నీళ్ళేమైనా కనిపిస్తున్నాయా?” అంటే కొల్లేరంత నీళ్ళు కనిపించేవి. “పక్షి ఉందా?” అంటే పక్షి వాలేది. “కోపంగా ఉందా?” అంటే దానికి కోపం వచ్చేది. పేజీలు నిండాయి కానీ వేళ్ళు కదలలేదు.

నా నోట్సు చదివి డాక్టరు గారు అడిగారు. “ఇందులో ఆవిడ మాట ఏదమ్మా? నీళ్ళు మీవి, పక్షి మీది, కోపం కూడా మీదే.”

అప్పుడు అర్థమైంది. చదివిన రంగు ముడి వేయడం ఆమెకు చిన్ననాటి అలవాటు. నేను చదువుతున్నాను, ఆమె వేస్తున్నారు.

నాలుగో వారం కళ్ళు మూసుకోమని చెప్పి ఊరుకున్నాను.

“ఏం చూడమంటారు మేడమ్ గారూ?”

“నేనేమీ చెప్పనండి.”

“మీరు చెప్పకపోతే ఎలాగండీ?”

జవాబివ్వలేదు. చాలాసేపు బయట ఆటోల చప్పుడే. లేచి వెళ్ళిపోతారేమోనని భయపడ్డాను. ఆ తర్వాత నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టారు. మగ్గం కనిపించింది. ఎవరో ఆకుపచ్చ అని చదువుతున్నారు. చేతిలోకి మాత్రం ఎర్ర ఊలే వస్తోంది.

“ఎందుకొచ్చావే? నిన్ను పిలవలేదుగా?” అని ఆమె దాన్ని గదిమారు. అది ఇచ్చిన జవాబు కూడా ఆమే పైకి అన్నారు. “కాగితం మీద ఉన్నది నేనే. ఆయనకి కనబడట్లేదు. నీకు తెలుసుగా.”

కళ్ళు తెరిచి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ డిజైను ఏళ్ళ తరబడి ఆమె చేతికి అలవాటు. మామగారు తప్పు చదువుతున్నారని చేతికి తెలుసు. పెద్దాయన్ని తప్పని కోడలు ఎలా అంటుంది? విన్న రంగు వేయడానికి చెయ్యి రాదు, తెలిసిన రంగు వేసే ధైర్యం లేదు.

మరుసటి వారం మామగారిని ఆమే వెంటబెట్టుకొచ్చి, నా గదిలోనే చెప్పారు. “మీరు చదివే రంగులు తప్పుతున్నాయండీ.”

“శుక్లాలమ్మా. నీ చెయ్యి ఆగినప్పుడే నీకు తెలిసిపోయిందనుకున్నాను. పిల్లని కూర్చోబెడితే దానికి డిజైను తెలీదుగా, ఏం చదివినా వేస్తుందనుకున్నాను” అన్నారాయన.

ఆయన కళ్ళకు ఆపరేషన్ జరిగేదాకా కాగితం జరీనా గారే మగ్గం ముందు తన చోట కూర్చుని చదివారు. నెల లోపే వేళ్ళు వదులయ్యాయి. కూతురు పరీక్షలు రాసింది. అన్ని కేసులూ ఇలా తేలవు. నేను చూసినవాటిలో చాలా తేలలేదు.

ప్రశ్నలోనే జవాబు పెట్టి అడిగితే, మర్యాదస్తులు ఆ జవాబే తిరిగి ఇస్తారు. నేను నేర్చుకున్నది అదే. మూడేళ్ళ నా కూతురు ఏడిస్తే ఆకలా, కడుపునొప్పా, భయమేసిందా అని కంగారుగా వరసపెట్టి అడుగుతాను. అది అన్నిటికీ తలూపుతుంది. అడిగి ఆగడం ఆ గదిలో నాకు వచ్చింది. ఇంట్లో ఇంకా రాలేదు.