ఆగకూడని చోట

అతన్ని తోటివాళ్లు నిదానం అనేవారు. హాజరు పిలిచేటప్పుడు తప్ప అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. అతను రోడ్డు రోలరు నడిపేవాడు. మనిషి నడకకన్నా కాస్త తక్కువ వేగంతో, ముందుకు కొంత, వెనక్కి కొంత, మళ్లీ ముందుకు. చాలా ఏళ్లు అలాగే గడిచాయి. అన్నం కూడా అలాగే తింటాడని భార్య అనేది. ఒక ముద్ద మింగి, అది ఎక్కడిదాకా వెళ్లిందో చూసుకుని, రెండోది కలుపుతాడట.

రోలరు మీది అలవాట్లు ఇంట్లోకీ వచ్చాయి. గుమ్మం దాటే ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూసేవాడు. గచ్చు మీద అరికాలు ఆనితే చాలు, ఎక్కడ ఎత్తో ఎక్కడ వాలో తెలిసిపోయేది. అద్దె ఇల్లు చూడటానికి వెళ్లిన రోజు భార్య వంటగది చూసింది, కుళాయి తిప్పి చూసింది. అతను చెప్పులు విప్పి గదులన్నీ మెల్లగా నడిచి వచ్చి, పడగ్గదిలో నీళ్లు తలుపు వైపు పారతాయన్నాడు. పడగ్గదిలో నీళ్లెందుకు పారతాయని ఆమె నవ్వింది. పిల్లలు పుట్టాక నవ్వడం మానేసింది.

తన పనిలో నేర్చుకోవలసింది ఒక్కటేనని అతను చెప్పేవాడు. వేడి తారు మీద ఆగకూడదు. పొగలు కక్కుతున్న తారు కంకర పరిచాక, అది చల్లారేదాకా రోలరు దాని మీద కదులుతూనే ఉండాలి. ఆగితే ఆ బరువుకు కింద అణిగిపోయి, రోలరుకు చక్రంలా ఉండే ఇనుప డ్రమ్ము వెడల్పున రోడ్డుకు అడ్డంగా పల్లం పడుతుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు తొక్కించినా పూర్తిగా పోదు. దాహమేసినా ఆగకూడదు. కంట్లో దుమ్ము పడినా ఆగకూడదు. అతను ఆగేవాడు కాదు, ఒక్కసారి తప్ప.

ఆ ఒక్కసారి సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలిసిన సంగతి వేరు. పెద్దమ్మాయి పుట్టినప్పుడు అతను రాలేదు. కొండల్లో రోడ్డు పని మీద ఉన్నాడు. రోలరు నడిపే రెండో మనిషి జ్వరంతో మంచం పట్టాడు, వానలు దగ్గర పడ్డాయి. చివరికి పసిదానికి బొడ్డు ఊడిపోయాక, చొక్కా నిండా తారు మరకలతో గుమ్మంలో నిలబడ్డాడు. అత్తగారు తలుపు తీసి, ఎవరు కావాలి బాబూ అని అడిగింది. గుర్తుపట్టే అడిగింది.

అప్పటినుంచి ఇంటికి ఎవరొచ్చినా ఆమె ఈ కథ చెప్పేది. బిడ్డ పుడితే తండ్రికి తీరలేదు, రోడ్డును వదిలి రాబుద్ధి కాలేదు పాపం అనేది. వచ్చినవాళ్లు నవ్వేవారు. అతనూ నవ్వేవాడు. ఆమె కోపం ఎప్పుడో అరిగిపోయి కథ మాత్రం మిగిలింది. ఆ కథ వింటూ ఒక మనిషి ఇంట్లో పెరుగుతోందని ఎవరికీ తట్టలేదు.

పెద్దదానికి ఎనిమిదో ఏడు వచ్చింది. ఒక పొద్దున బడికి బయల్దేరుతుంటే అతను వంగి దాని బూటు లేసు కడుతున్నాడు.

"నేను పుట్టినప్పుడు నువ్వెందుకు రాలేదు నాన్నా?"

"పనుందమ్మా."

"నాకంటే పెద్ద పనా?"

అతను కట్టిన ముడి విప్పి మళ్లీ కట్టాడు. బయట బడి వ్యాను హారన్ మోగింది. పిల్ల జవాబు కోసం నిలబడకుండా వెళ్లిపోయింది. అతనికి కష్టమనిపించింది అదే. అలిగినా, ఏడ్చినా ఏదో ఒకటి చేసేవాడు.

జరిగింది చెప్పాలంటే ఎంతో లేదు. ఆ రోజు కొండల్లో అతను రోలరు మీద ఉండగా, ఇంటి కబురు తెచ్చిన నీళ్ల ట్యాంకరు డ్రైవరు రోడ్డు పక్కన నిలబడి పిలిచాడు. ఇంజను మోతలో మాట వినబడదు. ట్యాంకరాయన రెండు చేతులూ ఉయ్యాలలా కలిపి ఊపాడు. తర్వాత వీపు మీద లేని జడను ముందుకు లాగి చూపించాడు. ఆడపిల్ల. నిదానం చేయి తనంతట తానే కదిలి రోలరును ఆపేసింది. వెనక డ్రమ్ము చల్లారిన రోడ్డు మీదే ఉంది, ముందుది మాత్రం అప్పుడే పరిచిన తారు మీద. ట్యాంకరాయన జడ వదిలేసి, కదులు కదులని చేతులు విసురుతున్నాడు. కదిలేసరికి పల్లం పడనే పడింది. ఇంజనీరు అందరి ముందూ కడిగేశాడు. ఆ చోట ఎంత తొక్కించినా పల్లం కాస్త తగ్గింది గాని పోలేదు.

పనిలో పడిన మచ్చ కాబట్టి మొదట్లో ఇంట్లో చెప్పలేదు. తర్వాత చెప్పబోతే, రానివాడు సాకు వెతుక్కున్నట్టు అనిపించింది. మాటగా చెబితే అది మాటే. చూపిస్తే వేరు.

బడికి సెలవులిచ్చారు. అత్తగారిని రెండో కూతురి ఇంట్లో దిగబెట్టవలసి వచ్చింది. ఆ ఊరు కొండల అవతల, సముద్రం పక్కన ఉంది. ఆమె మోకాళ్లు రైలు మెట్లు ఎక్కనివ్వవు. నిదానం తోటి డ్రైవరు దగ్గర పాత కారు అడిగి తెచ్చాడు. కొత్త రోడ్డు మీద పొద్దున బయల్దేరితే పొద్దుగూకేసరికి చేరతారు. అతను పాత కొండ రోడ్డున వెళ్దామన్నాడు. అటు రెండు రోజులు పడుతుంది. ఎందుకండీ అని భార్య అడిగితే, అటు చల్లగా ఉంటుందన్నాడు. ఆమె కాసేపు అతని ముఖం చూసి, ఇంకో జత బట్టలు సర్దింది.

పెద్దదానితో మాత్రం దారిలో ఒకటి చూపిస్తానన్నాడు. అది ఏమిటని అడగలేదు. సరే అంది. అతని భయమల్లా ఒకటే. ఇన్నేళ్లంటే రోడ్డుకు ముసలితనం. పైన ఎవరైనా కొత్త తారు పరిచేసి ఉంటే చూపించడానికి ఏమీ మిగలదు.

కాళ్లు చాపుకోవడానికి అత్తగారు ముందు కూర్చుంది. వెనక భార్య, ఆమె ఒడిలో చంటిది, ఒకవైపు పెద్దది, ఒకవైపు ఐదేళ్ల పిల్లవాడు. కాళ్ల కింద నీళ్ల క్యాను, దిండు, వాంతులకు కవర్లు. వీధి మలుపు తిరగకముందే పిల్లవాడు వచ్చేశామా అని అడిగాడు. ఆ తర్వాత వాడు ఆ ప్రశ్నకు విశ్రాంతి ఇవ్వలేదు.

నిదానం కారును కూడా రోలరులాగే నడిపాడు. లారీలు దాటిపోయాయి. గడ్డి మోపుల ట్రాక్టరు దాటిపోయింది. ఒక దిగుడులో సైకిలాయన పక్కకు వచ్చి, కాసేపు తోడు నడిచి, మొహమాటపడుతూ ముందుకు వెళ్లిపోయాడు. అందరికీ చేయి ఊపి ఊపి పిల్లవాడికి విసుగొచ్చింది.

"మనం ఎవర్ని ఓడిస్తాం నాన్నా?"

"ఆగి ఉన్నవాళ్లందర్నీ ఓడిస్తూనే ఉన్నాం కదరా," అంది వాళ్లమ్మ.

"ఇంకాస్త నిదానంగా పోనిస్తే బయల్దేరిన చోటికే చేరతాం అల్లుడుగారూ," అంది అత్తగారు.

మధ్యాహ్నం చంటిది తన బూటు ఒకటి కిటికీలోంచి విసిరేసింది. చూసుకునేసరికి చాలా దూరం వచ్చేశారు. రోడ్డు ఖాళీగా ఉంది. అతను సీటు మీద చేయి వేసి, మెడ తిప్పి, ఆ దూరమంతా కారును వెనక్కి నడిపాడు. గీత గీసినట్టు, ఒక్క వంకర లేకుండా. బూటు చక్రం పక్కనే వచ్చి ఆగింది. ఆ రోజంతటిలో అతని ముఖం వెలిగింది అప్పుడే. ఈయనకు ముందుకు పోయేటప్పటికంటే వెనక్కి పోయేటప్పుడే హుషారని అత్తగారు కూతురికి చెప్పింది.

దారిలో ఒక లాడ్జీలో, ఒకే గదిలో అందరూ సర్దుకుని పడుకున్నారు. ఎవరి కాలు ఎవరి మీద పడిందో తెల్లారాక గాని తెలియలేదు.

రెండో రోజంతా కొండ రోడ్డు. అంచులు ఊడిపోయి, గుంతలు పడి, దాని మీద కారు గంతులేసింది. నీళ్లు గ్లాసులోకన్నా ఒళ్లో ఎక్కువ పడ్డాయి. పిల్లవాడు రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. చంటిది ఏడుపు అందుకుని దించలేదు. అత్తగారు ప్రతి గుంతకూ మోకాలు పట్టుకుని, ప్రతిసారీ అల్లుడి ముఖంలోకి చూసింది. కొత్త రోడ్డు ఊసు ఎవరూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే అతనికి కాస్త తేలికగా ఉండేది. ఇంకెంత దూరమని పెద్దది ఒక్కసారి అడిగింది. వచ్చేస్తోంది, పడుకోకు అన్నాడు.

కనుమ దాటేటప్పుడు పెద్ద వాన పట్టుకుంది. దాటాక వదిలింది. అక్కడ రోడ్డు మారింది. అతనికి కూర్చున్న సీటులోంచే తెలిసింది. చేతుల కింద స్టీరింగు వణకడం మానేసింది. ఇదే, ఇక్కడినుంచే.

"అమ్మయ్య," అంది అత్తగారు. "ఇప్పుడు కడుపులో చల్ల కదలకుండా ఉంది." ఎవరి చేతి పనో తెలియకుండానే మెచ్చుకుని, కళ్లు మూసుకుంది.

ఆమె తర్వాత పిల్లవాడు ఒరిగాడు. చంటిది ఏడుస్తూ ఏడుస్తూ, ఒక ఏడుపు మధ్యలో వదిలేసి నిద్రపోయింది. పెద్దది కిటికీకి తల ఆనించి కళ్లు తెరిచి ఉంచాలని చాలా చూసింది. తర్వాత దాని నోరు కూడా కొంచెం తెరుచుకుంది. భార్య అద్దంలో అతని కళ్లు చూసి పెదవుల మీద వేలు పెట్టింది.

"ఏం జరిగినా బండి ఆపకండి," అంది గుసగుసగా. "ఆగిందంటే చంటిది లేస్తుంది." ఆ మాట అంటూనే ఆమె తల కూడా వాలింది.

నిదానం ఒక్కడూ మెలకువగా ఉన్నాడు. తను నున్నగా తొక్కిన రోడ్డు మీద తన వాళ్లందర్నీ నిద్రపుచ్చి తీసుకుపోతున్నాడు. అతనికి నవ్వొచ్చింది. అంతలోనే భయమేసింది. ముందు తెల్ల గోడల కల్వర్టు ఉంది, దాని తర్వాత వంపు, వంపు దాటగానే ఆ చోటు. కల్వర్టు దగ్గర ఒక పక్క కొత్త తారు అతుకు నల్లగా కనబడింది. అతని ప్రాణం ఉసూరుమంది. అతుకు కొంత దూరం సాగి ఆగిపోయింది. వంపు తిరిగాడు.

ఎండ వచ్చింది. గాలికి రోడ్డు అప్పటికే ఆరింది. ఆరిన రోడ్డు మీద ఒకే ఒక్క చోట, డ్రమ్ము వెడల్పున అడ్డంగా, నీళ్లు నిలిచి ఉన్నాయి. ఎవరో రోడ్డు మీద అద్దం ముక్క పడుకోబెట్టినట్టు అందులో ఆకాశం ఉంది. ఒక పిట్ట తాగుతోంది.

ఆగకూడదు. ఆగితే చంటిది లేస్తుంది. అది లేస్తే కారంతా లేస్తుంది. అత్తగారి మోకాళ్లు లేస్తాయి.

అతను ఆపాడు.

చంటిది లేచింది. ఇందాక మధ్యలో వదిలేసిన ఏడుపును అక్కడినుంచే అందుకుంది. పిల్లవాడు వచ్చేశామా అన్నాడు. భార్య, చెప్పానా లేదా అన్నట్టు చూసింది. అతను దిగి వెనక తలుపు తీశాడు.

"దిగు తల్లీ."

పెద్దది కళ్లు నులుముకుంటూ దిగింది. ఇద్దరూ నీళ్ల దగ్గర నిలబడ్డారు. అది నీళ్లు చూసింది, అతన్ని చూసింది.

"నువ్వు పుట్టావని నాకు ఇక్కడే తెలిసింది," అన్నాడు.

తర్వాత ట్యాంకరాయన చేసినట్టే చేతులు ఉయ్యాలగా కలిపి ఊపాడు. లేని జడ లాగి చూపించాడు. వేడి తారు మీద ఆగకూడదన్న సంగతి దానికి ఇదివరకే తెలుసు. ఆగానని చెప్పాడు. తను అన్నం తిన్నట్టే చెప్పాడు, ఒక మాట, కాస్త ఆగి ఇంకో మాట. కారు అద్దాలు దింపి ఉన్నాయి. లోపల చంటిది తప్ప ఎవరూ మాట్లాడలేదు.

పిల్ల బూట్లు విప్పి పల్లంలోకి దిగింది. నీళ్లు దాని వేళ్ల మీదికి వచ్చాయి, అంతే.

"ఇంతేనా?"

"ఇంతే."

"ఇంకొంచెం సేపు ఆగి ఉంటే ఇంకా లోతు పడేదా?"

"పడేది."

"మరి ఆగలేదేం?"

"ముందు తారు పొగలు కక్కుతోందమ్మా. చల్లారిపోతే రోడ్డంతా చెడిపోయేది."

పిల్ల ఆలోచించింది. వెనక్కి తిరిగి వచ్చిన రోడ్డంతా ఒకసారి చూసింది. పల్లం ఈ చివర నుంచి ఆ చివరకు నీళ్లలో నడిచింది, మళ్లీ ఈ చివరకు వచ్చింది. ఇంకో రెండుసార్లు తిరిగాక, సరే అంది. ఇంట్లో అన్న సరేలాంటిది కాదు.

కారులోంచి అత్తగారి గొంతు వినబడింది.

"ఇంజనీరు తిట్టలేదా?"

"తిట్టాడు అత్తయ్యా."

"తిట్టాలి మరి." ఆమె కిటికీలోంచి తల బయటపెట్టింది. "ఇన్నాళ్లూ ఈ ముక్క నోట్లో పెట్టుకుని కూర్చున్నావా నాయనా. నా చేత ఎన్నిసార్లు చెప్పించావు ఆ కథ."

అల్లుడుగారూ అని తప్ప ఆమె అతన్ని ఏనాడూ పిలవలేదు. భార్య చంటిదాన్ని ఎత్తుకుని దిగి వచ్చి, పల్లం చూసి, అటు చల్లగా ఉంటుందన్నావు కదూ అంది. పెళ్లయినప్పటినుంచి మీరు అంటున్న మనిషి నోరు జారింది. ఆమె సవరించుకోలేదు, అతనూ పట్టించుకోలేదు.

చిక్కు వచ్చింది పిల్లవాడి దగ్గర. వాడు దిగి, అక్క పల్లం చూసి, రోడ్డు మీద అటూ ఇటూ వెతికాడు.

"నాదేదీ?"

నీది లేదురా అన్నాడు తండ్రి. వాడు నమ్మలేదు. వంపు దాకా పరిగెత్తి చూసొచ్చాడు. నిజంగానే లేదని తేలాక గుక్కపెట్టాడు. వాడి ఏడుపు చూసి చంటిది తన ఏడుపు మానేసి ఆసక్తిగా చూసింది. వాడిని ఎత్తి కారులో పడేసి బయల్దేరారు.

కొండ దిగుతుంటే దూరంగా సముద్రం కనబడింది. వాడు చూడలేదు. పెద్దది తడి కాళ్లు సీటు మీదికి ముడుచుకుని, చాలాసేపు భరించి, చివరికి వాడి వైపు తిరిగింది.

"నువ్వు పుట్టినప్పుడు నాన్న ఇంట్లోనే ఉన్నాడురా. నిన్ను ఎత్తుకున్నాడు కూడా. నీకు పల్లం ఎందుకు?"

వాడు ఏడుపు ఆపి ఆలోచించాడు.

"అయినా నాక్కావాలి," అన్నాడు.

నిదానం అలవాటుగా ఒకసారి మెడ తిప్పి వెనక్కి చూశాడు. భార్య, ముగ్గురు పిల్లలు, వాళ్ల వెనక అద్దంలో జారిపోతున్న రోడ్డు. ముందు సీట్లో అత్తగారు గొంతు తగ్గించి అతని వైపు వంగింది.

"ఇంకాస్త నిదానంగా పోనివ్వు నాయనా. చంటిదానికి కునుకు పడుతోంది."